కుందేళ్ళ నీళ్ళ బాటిల్‌కి 2 స్టార్లు, 60 రూపాయల మట్టి గిన్నెకి 4

ముందే చెప్పేస్తున్నా, బాటిల్ గురించి రాద్దామని కూర్చున్నాను గానీ సగం నుంచి ఇది గిన్నె రివ్యూ అయిపోతుంది. నాదేం తప్పు లేదు, బాటిలే అలా చేసింది.

మేముండేది మహారాష్ట్రలోని బల్లార్‌పూర్‌లో. రైల్వే వాళ్ళ లెక్కలో బల్హార్షా. కాజీపేట నుంచి నాగ్‌పూర్ వైపు రైల్లో వెళ్ళినవాళ్ళకి తెలుసు, మే నెలలో ఇక్కడ ప్లాట్‌ఫాం మీద కాలు పెడితే పొయ్యి ముందు నిలబడ్డట్టే ఉంటుంది. మా వీధిలో సగం మంది తెలుగువాళ్ళం, బొగ్గు గనుల కోసమో పేపర్ మిల్లు కోసమో తాతల కాలంలో వచ్చి ఉండిపోయినవాళ్ళం. 45 డిగ్రీలంటే మా చంద్రపూర్ జిల్లాలో ఎవరూ ఆశ్చర్యపోరు, "ఇయ్యాల కొంచెం నయం" అనేవాళ్ళు కూడా ఉన్నారు. అలాంటి ఊళ్ళో మా అమ్మాయి పట్టుబట్టి రెండు కుందేళ్ళని తెప్పించుకుంది. గోధుమ రంగుది బెల్లం, ఆడది, 1.8 కిలోలు. నల్లది నువ్వు, మగది, 1.4 కిలోలు. నువ్వులు అని పెడదామంటే ఒక్కటే కదా, నువ్వు అని పెట్టింది. అప్పటినుంచి ఇంట్లో గందరగోళమే. "నువ్వు నీళ్ళు తాగలేదు" అని నేనంటే మా అత్తమ్మ "ఇప్పుడే తాగితినే" అంటుంది.

నీళ్ళ దగ్గర మొదటి తప్పు మాది కాదు, కుందేళ్ళని అమ్మిన అతనిది. నీళ్ళ గిన్నె ఎలాంటిది కొనాలి భాయ్ అని అడిగితే "సశాలా పాణీ లాగత్ నాహీ తాయీ" అన్నాడు, కుందేలుకి నీళ్ళు అక్కర్లేదక్కా అని. గడ్డిలో, క్యారెట్‌లో ఉన్న తేమ చాలట, నీళ్ళు పెడితే విరేచనాలు పట్టి చస్తాయట. ఇంటికొచ్చి చెబితే మా అత్తమ్మ కూడా అదే మాట. అడవి కుందేలు ఏ బావి దగ్గరికి పోయి తాగుతుందే అని పైనుంచి నాకే ప్రశ్న. అంత నమ్మకంగా ఇద్దరు చెబితే నేనూ ఒక రోజు నమ్మాను, ఒప్పుకుంటున్నా.

నిజమేంటంటే కుందేలు దాని సైజుకి చాలా ఎక్కువ నీళ్ళు తాగే జీవి. మామూలు రోజుల్లో కిలో బరువుకి రోజుకి 50 నుంచి 150 మిల్లీలీటర్ల దాకా తాగుతుంది, ఎండాకాలంలో, ఎండుగడ్డి ఎక్కువ తినే వాటికి ఆ పై లెక్కే వర్తిస్తుంది. అంటే మా రెండింటికీ కలిపి 160 నుంచి 480. పచ్చి ఆకులు బాగా తింటే ఆ మేరకు తగ్గుతుంది, అంతే తప్ప అసలు అక్కర్లేకపోవడం అనేది లేదు. దానికి మనలా చెమట పట్టదు, కుక్కలా నాలుక వేలాడేసి రొప్పి చల్లబడే సౌకర్యమూ పెద్దగా లేదు. ఒంట్లో వేడిని బయటికి పంపడానికి ఉన్న ముఖ్యమైన దారి ఆ రెండు చెవులే. ఇక్కడే మా ఊరి అసలు కష్టం ఉంది, కాస్త ఆలోచించండి. కుందేలు ఒంటి వేడి మామూలుగా 38.5 నుంచి 40 డిగ్రీలు. బయట గాలి 45 ఉంటే చెవుల్లోంచి వేడి బయటికి పోవడం అటుంచి, బయటి వేడే లోపలికొస్తుంది. 15 నుంచి 20 డిగ్రీల మధ్య హాయిగా ఉండే జంతువుని, 30 దాటితేనే కంగారు పడాల్సిన జంతువుని, మనం ఇక్కడికి తెచ్చి పెట్టుకున్నాం. తెచ్చాక చూసుకోవాలి కదా మరి.

సరే, బాటిల్ సంగతి. ఆన్‌లైన్‌లో కొన్నాను, 249 రూపాయలు, మా ఊరికి రావడానికి 6 రోజులు పట్టింది. 500 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ బాటిల్, కింద వంగిన స్టీలు గొట్టం, గొట్టం చివర చిన్న స్టీలు గోలీ. కుందేలు నాలుకతో గోలీని లోపలికి నెడితే ఒక్కో చుక్కా వస్తుంది. పంజరానికి తగిలించడానికి ఒక కమ్మీ ఇచ్చారు. కంపెనీ పేరు రాయను, ఎందుకంటే ఇదే బాటిల్ పది పేర్లతో అమ్ముతున్నారు, పేరొక్కటే మారుతుంది. చూడ్డానికి బాగుంది. శుభ్రంగా ఉంటుంది, గడ్డి పడదు, పెంటికలు పడవు, తన్నినా ఒలకదు. మొదటి వారం నేనే అందరికీ కొనుక్కోండి అని చెప్పాను.

రెండో వారం నుంచి మొదలైంది. పొద్దున 7 గంటలకి నిండుగా పెడితే మధ్యాహ్నానికి సగం ఉండేది. అబ్బ, ఎంత బాగా తాగుతున్నాయో అని మురిసిపోయాను. ఒకరోజు పంజరం కింద పరిచిన పేపరు తీస్తే తడిసి ముద్దయి ఉంది. తాగింది కాదు, కారింది. ఎందుకు కారుతోందో మా ఆయన చెప్పాడు, ఆయన గనిలో పంపుల దగ్గర పనిచేస్తాడు కాబట్టి ఇలాంటివి ఇట్టే పట్టేస్తాడు. బాటిల్ బోర్లా వేలాడుతుంది కదా, పైన గాలి ఉంటుంది. పొద్దున చల్లగా ఉన్న ఆ గాలి మధ్యాహ్నం వేడెక్కి ఉబ్బుతుంది, ఉబ్బి నీళ్ళని కిందికి నెడుతుంది, గోలీ పక్కనుంచి చుక్కచుక్కగా పోతాయి. బాటిల్ ఎంత ఖాళీగా ఉంటే లోపల గాలి అంత ఎక్కువ, కారడమూ అంత ఎక్కువ. అంటే మా ఊళ్ళో నీళ్ళు ఎప్పుడు ఎక్కువ కావాలో సరిగ్గా అప్పుడే ఈ బాటిల్ నీళ్ళు పారబోస్తుంది. చల్లటి దేశాల్లో ఇది తెలియకపోవచ్చు.

కారని నీళ్ళ సంగతైనా బాగుందా అంటే, 2 గంటలకి చేత్తో ముట్టుకుంటే స్నానానికి కాచిన నీళ్ళలా ఉన్నాయి. నేనైతే తాగను. కుందేలు మాత్రం ఎందుకు తాగుతుంది?

మూడోది గోలీ. దీని దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే మాకు ప్రాణం మీదికి తెచ్చింది ఇదే. మా బోరు నీళ్ళు ఉప్పు నీళ్ళు, పప్పు ఉడకదు, కుళాయిలకి తెల్లటి పక్కు కడుతుంది. అదే పక్కు ఆ గొట్టం చివర, గోలీ చుట్టూ సన్నని సున్నంలా కట్టింది. బయటికి ఏమీ తెలీదు. బాటిల్ నిండుగా ఉంటుంది, మనం నీళ్ళున్నాయిలే అని వెళ్ళిపోతాం, గోలీ మాత్రం బిగుసుకుపోయి ఉంటుంది. అది నాలుకతో నెట్టి నెట్టి విసిగి వదిలేస్తుంది.

మే రెండో వారంలో ఒకరోజు మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి ఒంటిగంట నుంచి నాలుగున్నర దాకా కరెంటు లేదు. కూలర్ ఆగిపోయింది. మూడింటికి చూస్తే నువ్వు పక్కకి సాగిలపడి ఉన్నాడు. మామూలుగా ఎండలో సాగిలపడడం వేరు, ఇది వేరు, పిలిస్తే చెవి కూడా కదపలేదు. చెవులు ఎర్రగా, ముట్టుకుంటే కాలుతున్నాయి, ముక్కు తడిగా ఉంది, పక్కటెముకలు టకటకా కొట్టుకుంటున్నాయి, మూతి కింద చొంగ. బాటిల్ చూస్తే దాదాపు నిండుగా ఉంది. గోలీని వేలితో నొక్కాను, కదల్లేదు. గట్టిగా నొక్కితే కటుక్కుమని లోపలికి పోయింది, ఒక బుడగ పైకి లేచింది. పొద్దున్నుంచీ ఆ బాటిల్‌లో ఆ ఒక్క బుడగే లేచిందేమో అని తల్చుకుంటే ఇప్పటికీ నాకు కడుపులో దేవినట్టు ఉంటుంది.

ఫ్రిజ్‌లో నీళ్ళు పోద్దామని మా అమ్మాయి పరిగెత్తుకొచ్చింది, వద్దన్నాను. ఐసు నీళ్ళు పోసినా, బకెట్‌లో ముంచినా ఒక్కసారిగా షాక్ తగులుతుంది. కుండలో నీళ్ళతో నూలు గుడ్డ తడిపి చెవులకి పట్టించి, విసనకర్రతో విసురుతూ, మళ్ళీ తడుపుతూ, అలాగే ఆటోలో పశువుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాం. నోట్లో బలవంతంగా నీళ్ళు పొయ్యకపోవడం మంచిదైంది అన్నాడాయన, సోయి సరిగా లేనప్పుడు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయట. తోలు కింద సెలైన్ ఎక్కించాడు. రాత్రి 9 గంటలకి కొత్తిమీర కాడ ఒకటి నమిలాడు. పెంటికలు మాత్రం మర్నాడు పొద్దుటిదాకా రాలేదు, అప్పటిదాకా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. కుందేలు సగం రోజు తినకుండా, పెంటికలు వెయ్యకుండా ఉంటే పేగులు ఆగిపోయినట్టు లెక్క, అది రేపు చూద్దాంలే అనుకునే విషయం కాదు. డాక్టర్ చెప్పిన ఈ ముక్క కుందేలు ఉన్న ప్రతి ఇంట్లో తెలిసి ఉండాలి.

అమ్మినవాళ్ళకి ఫిర్యాదు పెడితే వారం తర్వాత జవాబొచ్చింది, వాడే ముందు గోలీని చెక్ చేసుకోవలసిన బాధ్యత కస్టమర్‌దేనట. పెట్టె మీద ఎక్కడ రాశారయ్యా అంటే మళ్ళీ జవాబు లేదు.

డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్నే "బాటిలా, గిన్నెనా?" అని. బాటిల్ అంటే తల అడ్డంగా ఊపాడు. తర్వాత చదివితే తెలిసింది, స్విట్జర్లాండ్‌లో జూరిక్ పరిశోధకులు 2011లో దీని మీద ఒక పేపరే వేశారు, రెండూ పక్కపక్కన పెడితే కుందేళ్ళు గొట్టం కంటే తెరిచి ఉన్న గిన్నెలోనే ఎక్కువ తాగడానికి ఇష్టపడ్డాయట. ఆలోచిస్తే అంతే కదా, ఏ కుందేలు పుట్టుకతో తల పైకెత్తి గోలీ నాకడం నేర్చుకుంటుంది? వాగులో తాగినట్టు తల దించి తాగడమే దానికి తెలిసింది.

ఇంట్లో ఉన్న ప్లాస్టిక్ గిన్నె పెట్టాను ముందు. బెల్లం దాన్ని పళ్ళతో పట్టుకుని గిరాటేసింది. స్టీలు గిన్నె పెడితే ఆ చప్పుడు నచ్చి రాత్రంతా గిరాటేసింది. అప్పుడు ఆదివారం సంతలో కుండలమ్మే ఆవిడ దగ్గరికెళ్ళాను. ఇక్కడ ఎండాకాలంలో పిట్టల కోసం గోడల మీద మట్టి మూకుళ్ళలో నీళ్ళు పెడతారు, నన్ను చూసి ఆవిడ కూడా "పక్షాంసాఠీ కా?" అంది. కాదమ్మా, కుందేళ్ళకి అంటే నవ్వి, అటక మీద నుంచి తీసినట్టు వెనక నుంచి ఒక బరువైన గిన్నె తీసింది. అడుగు వెడల్పు, గోడ మందం, మూతి కాస్త లోపలికి తిరిగి ఉంది. రంగు లేదు, మెరుపు లేదు, కాల్చిన ఎర్రమట్టి అంతే. 80 చెప్పింది, 60కి ఇచ్చింది. వట్టి గిన్నే కిలో పైన ఉంటుంది. బెల్లం మూడు రోజులు దాని అంచు కొరికి చూసి, కదలట్లేదని వదిలేసి, బుద్ధిగా తాగడం మొదలుపెట్టింది.

తాగుతున్నాయా, లేక ఆవిరైపోతున్నాయా అని ఈసారి ముందే అనుమానం వచ్చింది, బాటిల్ నేర్పిన బుద్ధి. అలాంటిదే ఇంకో గిన్నె కొని, రెండిట్లో 500 చొప్పున కొలిచి పోసి, ఒకటి పంజరం లోపల, ఒకటి బయట పక్కనే పెట్టాను. 24 గంటలకి బయటి దాంట్లో 120 తగ్గింది. మట్టి గిన్నె గోడలోంచి ఊరి ఆవిరవుతాయి కాబట్టి స్టీలు కంటే ఎక్కువ పోతుంది, ఆ ఆవిరి వల్లే నీళ్ళు చల్లబడతాయి కూడా. లోపలి దాంట్లో 450 తగ్గింది. అంటే రెండూ కలిసి 330 తాగాయి. బాటిల్ రోజుల్లో కింద పళ్ళెం పెట్టి కారింది తీసేసి లెక్కేస్తే 130 దాటిన రోజు లేదు. పెద్ద సైన్సేం కాదు, రెండు కుందేళ్ళు, ఒక వంటగది కొలత గ్లాసు. కానీ తేడా పెంటికల్లో కూడా కనిపించింది. బాటిల్ రోజుల్లో మిరియాల్లా చిన్నగా, ఎండిపోయి ఉండేవి, ఇప్పుడు శనగల్లా గుండ్రంగా వస్తున్నాయి. ఉచ్చ కూడా అప్పట్లో సున్నం కలిపినట్టు చిక్కగా ఉండేది. కుందేలు తిన్న కాల్షియంలో ఎక్కువైనదాన్ని ఉచ్చలోనే వదిలేస్తుంది, నీళ్ళు తక్కువైతే అది బురదలా పేరుకుంటుంది. మాలాంటి ఉప్పు నీళ్ళ ఊళ్ళో ఇంకా జాగ్రత్త. మేము తాగే ఫిల్టర్ నీళ్ళే వాటికీ పోస్తున్నాం ఇప్పుడు, అత్తమ్మ గొణిగినా సరే. ఒక్కోసారి ఉచ్చ నారింజ రంగులో వస్తుంది, రక్తమనుకుని భయపడకండి, తిన్న ఆకుల రంగు వల్ల మామూలుగానే అలా అవుతుంది. అనుమానం ఉంటే మాత్రం చూపించండి.

మట్టి గిన్నెకి 5 ఇవ్వకపోవడానికి కారణాలున్నాయి. గడ్డి, వెంట్రుకలు పడతాయి, రోజుకి రెండుసార్లు నీళ్ళు మార్చాలి. నాలుగైదు రోజులకి లోపల జారుడుగా పాకుడు పడుతుంది, సబ్బు వాడలేం, మట్టి పీల్చేస్తుంది. కొబ్బరి పీచుతో రుద్ది, మరిగే నీళ్ళు పోసి, మిద్దె మీద ఎండబెడతాను, ఎండకి మా దగ్గర కొరత లేదు. అందుకే రెండు గిన్నెలు ఉండాలి, ఒకటి ఎండుతుంటే ఒకటి వాడకానికి. ఇంకోటి, బెల్లానికి మెడ కింద గంగడోలు ఉంది, ఆడ కుందేళ్ళకి వస్తుంది అలా, ఆవుకి ఉన్నట్టే. వంగి తాగితే అది నీళ్ళలో మునిగి తడుస్తుంది, తడి ఆరకపోతే అక్కడ చర్మం పుండవుతుంది. గిన్నె కింద ఇటుక ముక్క పెట్టి కాస్త ఎత్తు చేస్తే సగం తగ్గింది.

బాటిల్‌ని పారేయలేదు. గిన్నె పక్కనే తగిలించి ఉంచాను, రాత్రి గిన్నె ఖాళీ అయితే ఆధారంగా. మంచిర్యాలకి మా అమ్మ వాళ్ళింటికి రైల్లో వెళ్ళేటప్పుడు బుట్టకి కట్టడానికి అదే పనికొచ్చింది, కదిలే రైల్లో గిన్నె నిలవదు కదా. మీ దగ్గర ఇలాంటిది ఉంటే పొద్దున, సాయంత్రం గోలీని వేలితో నొక్కండి, బుడగ పైకి లేస్తేనే నీళ్ళు వస్తున్నట్టు. వారానికోసారి గొట్టాన్ని నిమ్మరసం కలిపిన నీళ్ళలో గంట నానబెడితే పక్కు వదులుతుంది. మెడ సన్నం కాబట్టి బ్రష్ పోదు, గుప్పెడు బియ్యం, కాసిన్ని నీళ్ళు పోసి గిలకొట్టి కడగడమే. ఆ రెండు స్టార్లు రైలు ప్రయాణానికి.

ఇదే ఊపులో ఇంకో రెండు మూడు కొన్నాను, వాటి సంగతి తొందరగా చెప్పేస్తా. చల్లగా ఉంటుందని జెల్ పరుపు ఒకటి, 600, బెల్లం గంటలో మూల కొరికింది, లోపలి జెల్ తింటే ఏమవుతుందో అని భయపడి తీసేశాను. దాని బదులు మేస్త్రీ దగ్గర మిగిలిన షాబాద్ బండ ముక్క ఊరికే తెచ్చి వేశాం, ఇద్దరూ పొట్ట ఆనించి దాని మీదే పడి ఉంటారు. నీళ్ళు గడ్డకట్టించిన ప్లాస్టిక్ సీసాకి పాత బనియన్ చుట్టి పక్కన పెడితే దానికి ఆనుకుని పడుకుంటారు, కరెంటు పోయినప్పుడు ఇదే దిక్కు, ఫ్రీజర్‌లో ఎప్పుడూ రెండు ఉంచుతున్నాను. నీళ్ళలో కలపమని ఒక షాపతను విటమిన్ చుక్కలు అంటగట్టాడు, రుచి మారి అసలు తాగడమే తగ్గించాయి, గ్లూకోజ్ కూడా అంతే, చక్కెర వాటి పేగులకి పడదు, మంచి నీళ్ళని మించింది లేదు. ఆ షాపులోనే పేలకి, గోమార్లకి అని కుక్కలకి కొట్టే మందు చూపించాడు. వెనక సన్నగా ఫిప్రోనిల్ అని రాసుంది. అది కుందేళ్ళకి విషం, ఎవరైనా ఇస్తే తీసుకోకండి.

తిండిలో చేసిన మార్పు ఒక్కటే. ఆకులు కడిగాక దులపకుండా, నీళ్ళు కారుతుండగానే పెడుతున్నాను. గరిక, కొత్తిమీర, పుదీనా. పాలకూర ఎప్పుడో ఒకసారి. పుచ్చకాయ అయితే వేలి కొనంత ముక్క, అంతకంటే వద్దు, మా అత్తమ్మ ప్రేమ కొద్దీ పెద్ద చెక్క పెట్టిన రోజు కడుపు పాడైంది. పంజరం కూలర్ గాలికి ఎదురుగా కాకుండా పక్కకి ఉంటుంది, కూలర్ గడ్డి కొత్తది మార్చాం. జూన్‌లో వాన మొదలయ్యాక ఆ కూలరే ఉక్కపోత పెంచుతుంది, అప్పుడు ఫ్యానే నయం. ఆ రోజుల్లో ఈగలు కూడా. వెనక వైపు తడిగా, మురికిగా ఉంటే ఈగలు గుడ్లు పెట్టి పురుగులు పడతాయి, రోజూ ఎత్తి చూడాలి.

నిన్న నువ్వు పంజరంలో గంతేస్తూ ఇటుక మీది గిన్నెని ఎలాగో తోసేశాడు, అంచు పగిలింది. ఆదివారం సంతకెళ్ళి ఇంకో రెండు తేవాలి. ఆవిడ కనిపిస్తే ఇటుక అవసరం లేకుండా అడుగు ఇంకో నాలుగు వేళ్ళు ఎత్తుగా, మూతి కాస్త ఇరుకుగా చేసి కాల్చి ఇస్తుందేమో అడుగుతాను, 100 అన్నా ఇచ్చేస్తాను.